డ్యూటీ ఒత్తిడిని ఎలా తట్టుకుంటున్నారో మీ ఒంటినే అడగండి: ఆసుపత్రి సిబ్బందికి ఒక పద్ధతి

వార్డు మొత్తానికి రోజూ రెండు పూటలా బీపీ చూసే సిస్టర్‌ని “మరి మీ బీపీ ఎంత?” అని అడిగి చూడండి. ఎక్కువ మంది నవ్వేసి ఊరుకుంటారు. చివరిసారి ఎప్పుడు చూసుకున్నారో గుర్తుండదు. హౌస్ సర్జన్లయినా, ల్యాబ్ టెక్నీషియన్లయినా, 108 అంబులెన్సులో తిరిగే ఈఎంటీలయినా (అత్యవసర వైద్య సిబ్బంది), ఎండలో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలయినా ఇదే వరస. ఇది మీ అందరి కోసం రాస్తున్నది. యోగా చేయండి, పాజిటివ్‌గా ఉండండి అని చెప్పబోవడం లేదు. ఆ సలహా మీకు ఇప్పటికే దండిగా అందుతోంది, అందులోనూ వరసగా నైట్లు వేసేవాళ్ల నుంచే ఎక్కువ.

ఒత్తిడి ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, దాన్ని మీరు ఏ దారిన నెట్టుకొస్తున్నారన్నదీ ఒంటికి అంతే ముఖ్యం. ఆ దారి మంచిదో కాదో డ్యూటీలో అది ఇచ్చిన ఊరటను బట్టి తేల్చకండి. మర్నాడు పొద్దున ఒళ్లు ఎలా ఉందో చూసి తేల్చండి. కింద చెప్పే మెట్లన్నీ ఆ లెక్క చూసుకోవడానికే.

ముందు, లోపల జరిగేది

క్యాజువాలిటీలోకి యాక్సిడెంట్ కేసు వచ్చినప్పుడు గుండె దడదడలాడటం రోగం కాదు. అడ్రినలిన్, కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, బీపీ, షుగర్ పైకి వెళ్తాయి, పని అయ్యాక అన్నీ దిగిపోవాలి. చిక్కంతా అవి దిగకపోవడంలోనే ఉంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా అదే సంఘటనను తలలో తిప్పుకుంటూ ఉంటే, ఆ కేసు అయిపోయిందని ఒంటికి తెలియదు. ఇలా ఏళ్ల తరబడి పేరుకుపోయే అరుగుదలకు బ్రూస్ మెక్‌యువెన్, ఇలియట్ స్టెల్లర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1993లో ‘అలోస్టాటిక్ లోడ్’ అని పేరు పెట్టారు.

డ్రెస్సింగులు మార్చే చేతులకు బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. 1995లో అమెరికాలో జానిస్ కీకాల్ట్-గ్లేజర్ బృందం, మతిమరుపు జబ్బుతో ఉన్న ఇంటి పెద్దల్ని ఏళ్లుగా చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్లకు, అదే వయసులో అలాంటి భారం లేని మరో 13 మందికి ముంజేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానడానికి ఎన్నాళ్లు పడుతుందో చూసింది. భారం లేనివాళ్లకు సగటున 39 రోజులు పట్టింది. సేవ చేస్తున్నవాళ్లకు దాదాపు 49. చిన్న అధ్యయనమే, వాళ్లు నర్సులు కూడా కాదు. అయినా ‘మనసు సంగతి’ అని పక్కన పెట్టేసేది చర్మం దాకా వస్తుందని అందులో కనిపిస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. తట్టుకునే తీరు మార్చుకుంటే అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా అంటే నమ్మకండి. నైట్ డ్యూటీ తనంతట తానే ఒంటికి కీడు చేస్తుంది. ఒంటి గడియారాన్ని తారుమారు చేసే రాత్రి పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. 1976లో మొదలై లక్షకు పైగా అమెరికా నర్సులను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో, మారుతూ వచ్చే నైట్లు ఎన్నేళ్లు చేస్తే టైప్ 2 షుగర్ ముప్పు అంత పెరుగుతూ పోయింది. నలుగురు చేయాల్సిన వార్డును ఒక్కరు చూస్తుంటే అది మీ మనోబలంతో తీరే సమస్య కాదు. మీ చేతిలో ఉన్నంతవరకు ఏం చేయొచ్చన్నదే ఈ వ్యాసం హద్దు.

1. మీ పేరు మీద ఒక కేస్ షీట్ తెరవండి

రెండు వారాలు చాలు. చిన్న నోటుబుక్కు గానీ ఫోన్లో నోట్స్ గానీ తీసుకోండి. డ్యూటీ దిగాక మూడు సంగతులు రాయండి: ఏం జరిగింది, అప్పుడు నేనేం చేశాను, ఇంటికెళ్లాక ఏం చేశాను. నాలుగోది మాత్రం మర్నాడు నిద్ర లేచాక రాయాలి: ఒళ్లెలా ఉంది. ఈ నాలుగోదాన్ని రాత్రే రాసేయడం అందరికీ అలవాటు. అలా రాస్తే ఈ పని వల్ల ఉపయోగమే లేదు, ఎందుకంటే రాత్రి మీకు ఊరట ఇచ్చింది ఏదైనా మంచిదిగానే కనిపిస్తుంది.

ఉదాహరణకు ఒక స్టాఫ్ నర్స్ రాసుకునేది ఇలా ఉండొచ్చు:

“మంగళవారం, మధ్యాహ్నం డ్యూటీ. నాలుగింటికి 12వ బెడ్ పెద్దాయన అల్లుడు సెలైన్ అయిపోయి అరగంటైందని అందరి ముందూ అరిచాడు. నేను ‘మారుస్తాను సార్’ అని నవ్వాను. డ్యూటీ రూములో టీ, రెండు బిస్కెట్లు. అప్పటికి పొద్దున్నుంచి తాగిన నీళ్లు ఒక గ్లాసు. ఇంటికొచ్చాక చిన్నదాన్ని హోంవర్క్ మీద కసిరాను. ఒంటిగంట దాకా ఫోన్. పొద్దున: మెడ ఎడమ పక్క పట్టేసింది, కడుపులో మంట, పాంటాప్ వేసుకున్నాను.”

ఇందులో ‘ఒత్తిడి’ అన్న మాట ఒక్కచోటా లేదు. అలాగే రాయండి. టెన్షన్‌గా ఉంది, మూడ్ బాగోలేదు లాంటివి రాస్తే తర్వాత చదివినప్పుడు పనికిరావు. నిద్ర ఎన్ని గంటలు, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లారు, నొప్పి ఎక్కడ, ఏ మాత్ర వేసుకున్నారు, నెలసరి ముందుకు జరిగిందా వెనక్కి జరిగిందా, ఇవి రాయండి. పేషెంట్ పేరు, ఐపీ (అడ్మిషన్) నంబరు మాత్రం వద్దు. ఆ పుస్తకం ఎవరి కంటబడినా ఇబ్బంది లేకుండా ఉండాలి.

2. మీరు ఏ దారి పట్టారో గుర్తుపట్టండి

రెండు వారాల తర్వాత రంగు పెన్ను ఒకటి తీసుకుని ‘నేనేం చేశాను’ అన్న చోట గీతలు గీయండి. మనుషులు ఒత్తిడిని తట్టుకునే తీరును రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో రెండు రకాలుగా చూపించారు. ఒకటి సమస్య మీదే పని చేయడం. రెండోది సమస్య వల్ల లోపల లేచిన బాధను, కోపాన్ని సంభాళించుకోవడం. వీటితో పాటు మూడో దారి ఒకటుంది: తప్పించుకోవడం. ఏమీ జరగనట్టు ఉండటం, తాగడం, రీల్స్‌లో మునిగిపోవడం, మాత్ర వేసుకుని పడుకోవడం.

మొదటిది గొప్పది, రెండోది తక్కువది అని అనుకోనక్కర్లేదు. ఏ సందర్భానికి ఏది నప్పుతుందన్నదే అసలు సంగతి. మార్చగలిగిన దాని మీద పని చేయకుండా ఏడ్చి ఊరుకుంటే అది రేపూ వస్తుంది. మార్చలేని దాని మీద తల బద్దలు కొట్టుకుంటే ఆ తలే నొప్పెడుతుంది. చనిపోయిన పేషెంట్‌కు ఇంకేం చేసి ఉండాల్సిందో తెల్లవార్లూ ఆలోచించేవాళ్లు తాము సమస్య మీద పని చేస్తున్నామనే అనుకుంటారు. అప్పటికి అక్కడ పని చేయడానికి ఏమీ మిగలలేదు. ఆ రాత్రి బీపీ మాత్రం దిగదు.

తప్పించుకోవడం కూడా ఒక్కోసారి పనికొస్తుంది. ఐదు నిమిషాల్లో ఇంకో ఎమర్జెన్సీ చూడాల్సి ఉంటే ముందు కేసును మనసులో పక్కన పెట్టక తప్పదు. అదే రోజువారీ పద్ధతి అయిపోతే ఒళ్లు దెబ్బతింటుంది.

అందుకే గీత గీసిన ప్రతి వరస పక్కనా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది నేను గానీ, మా హెడ్ నర్స్ గానీ, మేమంతా కలిసి గానీ మార్చగలిగినదేనా? అవునంటే మూడో మెట్టుకు. కాదంటే నాలుగుకు.

3. మార్చగలిగినవి: చిన్నవాటి నుంచి మొదలెట్టండి

ఈ జాబితాలో పెద్దవి చాలా కనిపిస్తాయి. స్టాఫ్ కొరత, కాంట్రాక్టు జీతం, ఆర్నెల్ల బకాయి. అవి యూనియన్‌లో, సంఘంలో కలిసి తేల్చుకోవాల్సినవి. అలా నలుగురితో కలిసి అడగడం కూడా తట్టుకునే దారే, మంచి దారే. కానీ ఈ వారమే మీ ఒంటికి తేడా తెలిసేవి వేరే ఉన్నాయి.

నీళ్లు. వార్డులో బాత్రూం బాగోలేదనో, తిరిగొచ్చేలోపు ఎవరైనా పిలుస్తారనో నీళ్లే తాగకపోవడం మన దగ్గర ఆడ సిబ్బందిలో మామూలైపోయింది. మూత్రంలో ఇన్ఫెక్షన్, తలనొప్పి, మలబద్ధకం, మే నెల ఎండల్లో కిడ్నీలో రాళ్లు, వీటిలో చాలావాటికి మొదలు అక్కడే. పక్క డ్యూటీ వాళ్లతో ఒప్పందం చేసుకోండి: రెండు మూడు గంటలకోసారి ఐదు నిమిషాలు నేను మీ బెడ్లు చూస్తాను, మీరు నావి చూడండి. అడగడానికి మొహమాటపడతారు గానీ, అవతలివాళ్లకూ అదే అవసరం. సిబ్బంది బాత్రూముకు తాళం, గొళ్లెం, నీళ్లు లేకపోతే నోటితో చెప్పి ఊరుకోకండి. కాగితం మీద నలుగురి సంతకాలతో ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోండి.

తిండి. నైట్‌లో ఆకలికి టీ, బిస్కెట్, మళ్లీ టీ. టీలోని కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటి టీ పొద్దున తొమ్మిదింటి నిద్రకు అడ్డం పడుతుంది. డ్యూటీ ఎక్కే ముందు సరైన భోజనం చేయండి. అర్ధరాత్రి దాటాక పెరుగన్నమో, ఉడికించిన గుడ్లో, గుగ్గిళ్లో కొద్దిగా. ఆఖరి టీ రెండింటి లోపు అయిపోవాలి.

నడుము. పేషెంట్‌ను ఒక్కరే లాగి పైకి జరపడం ఓపికకు గుర్తు కాదు. కింద మడత దుప్పటి వేసి ఇద్దరు చెరో పక్కా పట్టుకుని జరపండి. మోకాళ్లు వంచండి, పేషెంట్‌కు దగ్గరగా నిలబడండి, నడుము మెలితిప్పకుండా పాదాలతో తిరగండి. ఇదంతా ట్రైనింగ్‌లో చెప్పిందే. రెండో మనిషి కోసం రెండు నిమిషాలు ఆగలేక మానేసింది.

హ్యాండోవర్, అంటే తర్వాతి డ్యూటీవాళ్లకు అప్పగింత. ఇంటికెళ్లాక “ఆ యాంటీబయాటిక్ చెప్పానా లేదా?” అని గుండె జారేవాళ్లకు మందు ఇక్కడే ఉంది. బెడ్ దగ్గరే నిలబడి, ఒకే వరసలో, కాగితం చూస్తూ అప్పజెప్పండి. చివర్లో “ఏమైనా మర్చిపోయానా?” అని అడిగి వెళ్లండి. తలలో తిరిగేవాటిలో సగం అలా వార్డులోనే ఆగిపోతాయి.

సూది గుచ్చుకోవడం. తప్పించుకునే తీరు ఒంటిని సూటిగా దెబ్బ తీసేది ఇక్కడే. అలసిపోయి ఉన్నప్పుడు గుచ్చుకుంటుంది, పని హడావుడిలో “ఏం కాదులే” అనుకుంటారు, చెబితే మాట పడాల్సి వస్తుందని దాస్తారు. గుచ్చుకోగానే సబ్బు, నీళ్లతో కడగండి. పిండకండి. వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో ఈ రోజే చూసుకోండి. మూడో డోసు తర్వాత నెలా రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్షలో 10 దాటితే రక్షణ వచ్చినట్టు.

4. మార్చలేనివి: లోపలికి తోసేయకండి

చావు, పసిపిల్లల చావు మరీ ముఖ్యంగా. ఏ తప్పూ లేకపోయినా పడే తిట్లు. వీటిని మార్చలేం. ఇలాంటప్పుడు మన దగ్గర నేర్పే పద్ధతి ఒక్కటే: గుండె రాయి చేసుకోవడం. పంటి బిగువున ముఖం మీద నవ్వు నిలపడం.

జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లలో చేసిన ప్రయోగాల్లో, బాధ కలిగించే దృశ్యాలు చూస్తూ ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా అణచుకున్నవాళ్లకు రక్తనాళాలు బిగుసుకోవడం లాంటి మార్పులు ఎక్కువగా కనిపించాయి. పైకి ప్రశాంతం, లోపల మోత. పేషెంట్ ముందు అణచుకోక తప్పదు, అది ఉద్యోగంలో భాగం. అయితే అణచుకున్నదాన్ని ఎక్కడో ఒకచోట దించాలి.

మొదటి పని చేతులు కడుక్కునే దగ్గర. సబ్బుతో సరిగ్గా కడిగితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది, ఎలాగూ చేయాల్సిన పనే. ఆ నిమిషంలో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు. ఇంత నెమ్మదిగా, వదలడం ఎక్కువసేపు ఉండేలా పీల్చితే గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పని పుంజుకుని గుండె వేగం తగ్గుతుంది. దీనికి వేరే టైము అక్కర్లేదు, మ్యాట్ అక్కర్లేదు, ఎవరూ గమనించరు.

రెండోది మాట్లాడటం. చావు జరిగిన రోజు ఆ షిఫ్టులో ఉన్నవాళ్లతోనే, ఇంటికి బయల్దేరే ముందు, నిలబడే ఐదు నిమిషాలు. ఎవరిది తప్పని తేల్చడానికి కాదు. “ఆ పిల్ల తల్లి ముఖం చూడలేకపోయాను” అన్న మాట బయటికి రావడానికి. ఇంట్లోవాళ్లతో అయితే రోగి వివరాలు వద్దు, మీ సంగతి చెప్పండి: “ఈ రోజు ఒక కేసు పోయింది, అరగంట నన్నేం అడక్కండి.” ఇంత చెబితే చాలు, ఇంట్లో చాలా గొడవలు తప్పుతాయి. ఆ అరగంట తర్వాత మీరు మళ్లీ మాటల్లోకి రావాలి. అది అలాగే సాగితే మళ్లీ తప్పించుకోవడమే.

మాట్లాడే మనిషి దొరకనివాళ్లు రాయండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో కాలేజీ పిల్లలతో వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, మనసును కలచివేసిన సంఘటన గురించి ఏదీ దాచకుండా రాయించారు. తర్వాతి నెలల్లో వాళ్లు ఆసుపత్రికి వెళ్లడం తగ్గింది. రాసిన కాసేపు మనసు ఇంకా బరువెక్కుతుంది, అది మామూలే. రాశాక చింపేసినా ఫర్వాలేదు. నిద్రకు ముందు మాత్రం వద్దు.

దేవుణ్ణి తలుచుకోవడం, చర్చికో దర్గాకో గుడికో వెళ్లి కూర్చోవడం చాలామందికి నిజంగానే బలాన్నిస్తుంది. ఒక్క చిక్కు: నైట్‌లో ఉన్న రోజు ఒక్కపొద్దు. షుగర్ మందులు వాడుతూ కటిక ఉపవాసంతో పన్నెండు గంటలు నిలబడటం ఏ దేవుడూ అడగలేదు. ఉపవాసం నైట్ ఆఫ్ రోజుకు మార్చుకోండి.

5. నైట్ దిగిన పొద్దున

ఇంటికి వెళ్లే దారితో మొదలెడదాం. ఏకబిగిన 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియాలో తేలింది. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 దాకా. ముందు రోజు పగలు పడుకోకుండా నైట్ చేసినవాళ్లు పొద్దున ఎనిమిదింటికి దాదాపు 24 గంటలు మెలకువగా ఉన్నట్టు. ఆ స్థితిలో స్కూటీ తీయకండి. బస్సో, షేర్ ఆటోనో ఎక్కండి, లేదా డ్యూటీ రూములోనే ఇరవై నిమిషాలు కునుకు తీసి, లేచాక కాస్త తేరుకుని బయల్దేరండి.

వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. పొద్దుటి వెలుతురు ఒంటికి ‘తెల్లారింది’ అని చెప్పేస్తుంది. ఇంట్లో కిటికీకి ముదురు దుప్పటి కట్టండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి, తలుపు మీద చీటీ అంటించండి. నైట్ చేసిన మగవాళ్లను ఇంట్లో లేపరు. ఆడవాళ్లు వచ్చీరాగానే పిల్లల టిఫిన్, బట్టలు, మధ్యాహ్నం వంట చూసి పన్నెండింటికి పడుకుంటారు. ఇక్కడ ఊపిరి కసరత్తులతో పని జరగదు, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి: నైట్లు ఉన్న రోజుల్లో పొద్దుటి వంట ఎవరిది? అత్తగారైనా, భర్తైనా, కర్రీ పాయింటైనా, ముందే తేలిపోవాలి. మీ కేస్ షీట్‌లో నైట్ తర్వాత నిద్ర గంటలు వరసగా నాలుగు, నాలుగున్నర అని ఉంటే ఆ కాగితమే చూపించండి.

6. మందుల అలమర

మామూలు మనిషికి, మీకూ తేడా ఇక్కడుంది. మందు మీ చేతికందే దూరంలో ఉంటుంది, వేసే చెయ్యీ పక్కనే ఉంటుంది. నడుం నొప్పికి “ఒక డైక్లో వేసెయ్ సిస్టర్”. కడుపు మంటకు రోజూ పరగడుపున పాంటాప్. నిద్రకు అర ఆల్ప్రజోలం. ఒక్కోటీ చిన్నదే. అయితే డైక్లోఫెనాక్ లాంటివి తరచూ వాడితే కిడ్నీలు దెబ్బతినవచ్చు, బీపీ పెరగవచ్చు. పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వేసుకుంటే బి12 తగ్గి అరికాళ్లు తిమ్మిర్లెక్కవచ్చు. ఆల్ప్రజోలం వారాల్లోనే అలవాటవుతుంది, రోజూ వాడుతూ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. ఇప్పటికే వాడుతుంటే మీరే ఆపేయకండి, డాక్టర్ సాయంతో మెల్లగా తగ్గించాలి.

ఒక నియమం పెట్టుకోండి: నా మందు నేను రాసుకోను, డ్యూటీ రూములో ఎవరితోనూ రాయించుకోను. ఓపీ చీటీ తీసుకుని, పేషెంట్‌లా కుర్చీలో కూర్చుని చూపించుకుంటాను. సిగ్గుగా ఉంటే మీ ఆసుపత్రి కాని చోటికి వెళ్లండి. మద్యం విషయంలో కొలత ఒక్కటే: డ్యూటీ బాగా జరిగిన రోజు కంటే బాగా జరగని రోజు ఎక్కువ తాగుతున్నారా? కేస్ షీట్ చూస్తే తెలిసిపోతుంది. తాగి పడుకున్న రాత్రి నిద్ర త్వరగా పడుతుంది, తెల్లవారుజామున చెదిరిపోతుంది. నాలుగో వరసలో అదీ కనిపిస్తుంది.

7. ఏటా ఒక రోజు మీకోసం

పుట్టినరోజు పెట్టుకోండి, గుర్తుంటుంది. ఐదు నిమిషాలు కూర్చున్నాక, పరుగు మీద ఉన్నప్పుడు కాకుండా, బీపీ. రెండు మూడు వేర్వేరు రోజుల్లో 140/90 దాటితే డాక్టర్ దగ్గరికి. పరగడుపు షుగర్ 100 నుంచి 125 ఉంటే షుగర్ అంచున ఉన్నట్టు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 అయినా అంతే. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, కొలెస్ట్రాల్ కూడా చేయించుకోండి. అలసటంతా ఒత్తిడి ఖాతాలో వేసేస్తే రక్తహీనత, థైరాయిడ్ దాక్కుంటాయి. అందుకని ఈ పరీక్షలు చేయించుకున్నాకే ‘ఇది ఒత్తిడే’ అనండి.

వ్యాయామం గురించి ఒకే మాట: వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. వార్డులో తిరిగే తిరుగుడు ఇందులోకి రాదు.

8. ఎప్పుడు బయటి సాయం

లేవగానే డ్యూటీ అంటే వాంతి వచ్చినట్టుండటం, పేషెంట్లు మనుషుల్లా కాక బెడ్ నంబర్లలా కనిపించడం, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం, ఇవి వారాల తరబడి ఉంటే అది బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, సరిగ్గా నిర్వహించని పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా నిర్వచించింది. అంటే లోపం మీలో ఉందనుకుని కుమిలిపోనక్కర్లేదు. కానీ నిద్ర, ఆకలి పోయి, దేని మీదా ఇష్టం లేక రెండు వారాలు దాటితే డిప్రెషన్ ఉందేమో చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం వస్తే గ్యాస్ అనుకోకుండా వెంటనే ఈసీజీ. చావాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు.

9. డ్యూటీ చార్టు మీరే వేస్తుంటే

హెడ్ నర్సులు, యూనిట్ చీఫ్‌లు, సూపరింటెండెంట్లు ఇది చదువుతుంటే, పైన చెప్పిన ఎనిమిదింటికంటే మీ పెన్నుకు బలమెక్కువ. షిఫ్టులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్న వరసలో ముందుకు జరపండి. వెనక్కి తిప్పితే ఒళ్లు సర్దుకోదు. వరసగా మూడు నైట్లకు మించనివ్వకండి. ఒక డ్యూటీకి, ఇంకోదానికి మధ్య కనీసం 11 గంటలు ఉంచండి. పీజీ చదివే డాక్టర్లకు వారానికి 74 గంటలు మించరాదని, వారంలో ఒక రోజు సెలవు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో సిఫార్సు చేసింది. ఆ 74 కూడా తక్కువేం కాదు.

సిబ్బంది మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే ఫిర్యాదు రాయాల్సింది మీరు, దెబ్బ తిన్న పిల్ల కాదు. వైద్య సిబ్బంది మీద దాడుల్ని నివారించే 2008 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం కింద అది నాన్‌బెయిలబుల్ నేరం. “సర్దుకుపో అమ్మా” అని పంపేస్తే ఆ అమ్మాయి సర్దుకుంటుంది, వారం తిరక్కుండా మైగ్రేన్‌తో లీవ్ చీటీ మీ టేబుల్ మీదికే వస్తుంది.